ఎరిత్రియా శరణార్థుల్ని మళ్ళీ వాళ్ల కాన్సులేట్ గుమ్మానికే పంపకండి: జర్మనీ హోంమంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జర్మనీ ఫెడరల్ హోంమంత్రి గారికి,

నమస్కారం. మాది సూర్యాపేట దగ్గర ఒక పల్లె. తొమ్మిదేళ్లుగా మీ హెస్సెన్ రాష్ట్రంలో ఉంటున్నాను. గీసెన్‌కి దగ్గర్లో ఒక గోడౌన్‌లో షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా పనిచేస్తున్నాను. ఈ ఉత్తరం జర్మన్ ప్రతిని మీ ఆఫీసుకి పోస్టు చేశాను. తెలుగులో కూడా ఎందుకు రాస్తున్నానంటే, 2023 జులై 8న గీసెన్‌లో ఎరిత్రియావాళ్ల మధ్య జరిగిన గొడవ వీడియోలు మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో రెండ్రోజులు తిరిగాయి. "వాళ్ల దేశం గొడవలు ఇక్కడికెందుకు? అందర్నీ విమానం ఎక్కించి పంపేస్తే సరి" అన్నవాళ్లలో నాకు బాగా కావలసినవాళ్లు ఉన్నారు. ఆ రోజు నేనూ కాదనలేదు. ఎవరు ఎవర్ని కొడుతున్నారో, ఎందుకు కొడుతున్నారో అప్పటికి నాకు తెలియదు.

జరిగింది మీకు తెలిసిందే. హెస్సెన్‌హాలెన్ ఆవరణలో, ఆఫ్రికా దేశమైన ఎరిత్రియా ప్రభుత్వాన్ని మెచ్చుకునేవాళ్లు ఎరిత్రియా ఫెస్టివల్ పెట్టారు. నగర అధికారులు వద్దన్నారు, కోర్టులు జరుపుకోనివ్వమన్నాయి. వెయ్యి మంది దాకా పోలీసుల్ని దించారు. అయినా ఆ ప్రభుత్వాన్ని వ్యతిరేకించే వర్గంవాళ్లు రాళ్లు, సీసాలు విసురుతూ మీద పడ్డారు. రెండు డజన్లకు పైగా పోలీసులు గాయపడ్డారు. సెప్టెంబర్ 16న స్టుట్‌గార్ట్‌లోనూ అంతే, పోలీసులు 200 మందికి పైగా జనాన్ని అదుపులోకి తీసుకున్నారు. 2025 మార్చిలో 'బ్రిగేడ్ ఎన్‌హమేదు' అనే వ్యతిరేక వర్గం మీద ఉగ్రవాద అనుమానంతో మీ ఫెడరల్ ప్రాసిక్యూటర్లు సోదాలు చేయించారు.

రాయి విసిరినవాడికి శిక్ష పడాల్సిందే. డ్యూటీ చేస్తున్న పోలీసు తల పగలగొట్టడం ఏ పోరాటమూ కాదు. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను. కానీ మీ శాఖ ఆ ఒక్క రోజునే చూస్తోంది. మిగతా మూడు వందల అరవై నాలుగు రోజులు నేను చూస్తున్నాను, ఎందుకంటే మా పై అంతస్తులో ఒక ఎరిత్రియా అబ్బాయి ఉంటాడు.

అతని పేరు రాయను. రాస్తే ఎరిత్రియాలోని కెరెన్‌లో ఉన్న వాళ్లమ్మ దగ్గరికి ఎవరైనా వెళ్తారని అతని భయం. ఇద్దరం ఒకే షిఫ్టు. ఆదివారం వాళ్లింట్లో కాఫీ. పచ్చి గింజలు చిన్న పెనంలో అప్పటికప్పుడు వేయించి, దంచి, మట్టి కూజాలో మూడుసార్లు కాచి పోస్తాడు. మూడో గిన్నె తాగేదాకా లేవనివ్వడు. అలా రెండేళ్లు కాఫీ తాగాక గానీ అతను సావా క్యాంపు మాట ఎత్తలేదు.

ఎరిత్రియాలో పిల్లలు బడి ఆఖరి సంవత్సరం చదవాల్సింది సావా అనే మిలిటరీ క్యాంపులో. అక్కడి నుంచి నేషనల్ సర్వీస్. 1995 చట్టం ప్రకారం అది పద్దెనిమిది నెలలు. ఇథియోపియాతో 1998లో యుద్ధం మొదలయ్యాక ఆ పద్దెనిమిది నెలలకు అంతు లేకుండా పోయింది. పదేళ్లు, పదిహేనేళ్లు చేసినవాళ్లున్నారు. చేతిలో పెట్టే డబ్బు ఇంటికి ఉప్పూపప్పూకి కూడా చాలదు. ఇతన్ని ఒక అధికారి ఇల్లు కట్టడానికి ఇటుకలు మోయమన్నారు. రాత్రి తిరిగొచ్చాక మళ్ళీ కాపలా డ్యూటీ.

ఇది విన్నప్పుడు నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. దొర గడీలో పురుడు పోసుకుంటే ఊరి చాకలి, ఊరి మంగలి, ఊరి మాదిగ ఎవరి పని వాళ్లు వదిలి పరిగెత్తాలి, కూలి అడిగితే కొరడా అని చెప్పేది. మేం దాన్ని వెట్టి అంటాం. ఐక్యరాజ్యసమితి విచారణ సంఘం 2016లో ఎరిత్రియా నేషనల్ సర్వీస్‌ని బానిసత్వం అంది, మానవాళి మీద నేరం అంది. మా నల్లగొండ, సూర్యాపేట ప్రాంతంలో పుట్టినవాడికి ఆ నివేదిక అక్కర్లేదు, వెట్టి అన్న ఒక్క మాట చాలు.

1993లో స్వతంత్రం వచ్చినప్పటి నుంచి ఆ దేశానికి ఇసయాస్ అఫెవెర్కీ ఒక్కడే అధ్యక్షుడు. ఒక్కసారి కూడా దేశవ్యాప్త ఎన్నిక జరగలేదు. 1997లో ఆమోదించిన రాజ్యాంగం ఇప్పటిదాకా అమల్లోకి రాలేదు. ఉన్నది ఒకటే పార్టీ.

మరి అలాంటి ప్రభుత్వానికి జై కొట్టేవాళ్లు ఇక్కడ, జర్మనీలో, ఓటు హక్కుతో, మంచి ఉద్యోగాలతో ఎలా ఉన్నారని నేను అడిగాను. నాకది చాలాకాలం మింగుడుపడలేదు. అతనే ఓపిగ్గా చెప్పాడు. పెద్దవాళ్లు 1970లలో, 80లలో వచ్చినవాళ్లు. 1961 నుంచి 1991 దాకా ముప్పై ఏళ్లు స్వాతంత్ర్య యుద్ధం. వీళ్లు ఇక్కడి ఫ్యాక్టరీల్లో చేసిన కష్టంలో నెలనెలా కొంత యుద్ధానికి పంపారు. ఏటా ఇటలీలోని బొలోన్యాలో కలుసుకుని పాటలు పాడుకున్నారు. ఈ ఫెస్టివళ్లకు మూలం అక్కడుంది. వాళ్లలో చాలామందికి తమ్ముడో, మేనల్లుడో కొండల్లోనే ప్రాణం విడిచాడు. "నువ్వు గెలిపించిన మనిషే నీ ఊరిని జైలు చేశాడు" అని వాళ్లతో ఎవరు చెప్పినా వినబుద్ధి కాదు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. వాళ్లని దుర్మార్గులని అనను.

అయితే ఆ అభిమానం పాటలతో ఆగడం లేదు. ఫెస్టివల్ వేదికల మీదకి ఎరిత్రియా రాజధాని అస్మారా నుంచి పెద్దలు వస్తారు. ఇక్కడ పుట్టిన పిల్లల కోసం పార్టీకి యువజన విభాగం ఉంది. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరు ఎదురుగా నిలబడి నినాదాలిచ్చారు అన్నది ఇక్కడి చర్చిలో, కాఫీ షాపులో చూసేవాళ్లు చూస్తూనే ఉంటారని మా పై అంతస్తు అబ్బాయి నమ్మకం. అది నిజమా, భయమా అని అడిగితే, "రెండిటికీ తేడా ఏముంది? నేను మాట్లాడటం మానేశానుగా" అన్నాడు. శరణు కోసం ఇచ్చిన ఇంటర్వ్యూలో కూడా సగమే చెప్పాడట. పక్కన కూర్చున్న, వాళ్ల భాష తిగ్రిన్యా అనువాదకుడు ఎవరి మనిషో తెలియక.

ఇక డబ్బు సంగతి. విదేశాల్లో ఉన్న ప్రతి ఎరిత్రియా మనిషీ తన సంపాదనలో రెండు శాతం ఆ ప్రభుత్వానికి కట్టాలి. కట్టకపోతే కాన్సులేట్‌లో పని జరగదు. పాస్‌పోర్ట్ రాదు, సర్టిఫికెట్ రాదు. ఈ పన్ను కోసం బెదిరింపులు, మోసం ఆపాలని భద్రతా మండలి 2011లోనే తీర్మానించింది. కెనడా 2013లో టొరంటోలోని ఎరిత్రియా కాన్సుల్‌ని ఈ వసూళ్ల మీదే పంపించేసింది. నెదర్లాండ్స్ 2018 జనవరిలో ఎంబసీ ఇన్‌ఛార్జిని వెళ్లిపొమ్మంది.

మంత్రి గారూ, ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఆ కాన్సులేట్ గుమ్మం తొక్కమని మా అబ్బాయిని పంపింది అస్మారా మనిషి కాదు. మీ వ్యవస్థ పంపింది.

అతనికి మీరిచ్చింది పూర్తి శరణార్థి హోదా కాదు, సబ్సిడియరీ ప్రొటెక్షన్, అంటే దానికంటే ఒక మెట్టు తక్కువ రక్షణ. పూర్తి హోదా ఉంటే నీలం రంగు ట్రావెల్ డాక్యుమెంట్ మీరే ఇస్తారు. ఇది ఉంటే మాత్రం ముందు మీ సొంత దేశం పాస్‌పోర్ట్ తెచ్చుకోండి అంటారు. 2021లో మేముండే చోట విదేశీయుల ఆఫీసుకి అతనికి తోడుగా వెళ్లాను, నా జర్మన్ కాస్త నయమని. కౌంటర్ వెనక ఉన్నావిడ మర్యాదగానే మాట్లాడింది. స్క్రీన్ చూస్తూ ఒకటే మాట రెండుసార్లు అంది: "జుముట్‌బార్." అంటే చేయమని అడగదగ్గ పనే అని. దేశం విడిచి పారిపోయి, సూడాన్ దాటి, లిబియాలో దెబ్బలు తిని, పడవ ఎక్కి వచ్చినవాణ్ణి ఆ దేశపు ఆఫీసుకే వెళ్లి దండం పెట్టమనడం అడగదగ్గ పని.

నేను అంతకు ముందు నెలే మన ఇండియన్ కాన్సులేట్‌కి వెళ్లి నా పాస్‌పోర్ట్ రెన్యూ చేయించుకున్నాను. క్యూలో నిలబడ్డాను, ఫోటో సైజు తప్పని ఒకసారి తిప్పి పంపారు, విసుక్కున్నాను. అంతకుమించి నాకేం కాలేదు. ఎంబసీ అంటే నాకూ, ఆ కౌంటర్‌లో ఉన్నావిడకీ తెలిసింది అదే. కాబట్టి ఆవిడ తప్పు పెద్దగా లేదు. ఆవిడ చేతిలో ఉన్న నిబంధన తప్పు.

అతను వెళ్లాడు. తిరిగొచ్చాక వంటింట్లో కూర్చుని ఒక కాగితం జిరాక్స్ నా ముందు పెట్టాడు. అందులో ఉన్నది తిగ్రిన్యా నుంచి వేలు పెట్టి ఒక్కో మాటా చెప్పాడు: నేషనల్ సర్వీస్ పూర్తి చేయకుండా నేరం చేశానని చింతిస్తున్నాను, సమయం వచ్చినప్పుడు తగిన శిక్షకు ఒప్పుకుంటాను. కింద అతని సంతకం. ఆ సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణికినట్టుంది, ఆఖరి అక్షరం గీత దాటి కిందికి జారింది. జర్మనీకి వచ్చినప్పటి నుంచి సంపాదించిన జీతం లెక్కగట్టి రెండు శాతం కూడా కట్టాడు. ఏ ప్రభుత్వం నుంచి కాపాడతామని మీరు అతనికి కార్డు ఇచ్చారో, ఆ ప్రభుత్వానికి అతని చేతనే డబ్బు కట్టించారు, అతని అడ్రసు ఇప్పించారు.

ఆ మరుసటి ఏడాది, 2022 అక్టోబర్ 11న, లైప్‌జిగ్‌లోని మీ ఫెడరల్ అడ్మినిస్ట్రేటివ్ కోర్టు తీర్పు ఇచ్చింది. ఆ చింతిస్తున్నానన్న కాగితం మీద ఇష్టం లేకుండా సంతకం పెట్టమనడం జుముట్‌బార్ కాదంది. వార్త చదివి వినిపిస్తే మా అబ్బాయి ఏమీ అనలేదు. అతని సంతకం అప్పటికే అస్మారా చేరిపోయింది.

ఆ తీర్పు మంచిదే, కానీ అది ఒక్క కాగితం గురించి. రెండు శాతం పన్ను అలాగే ఉంది. కాన్సులేట్‌కి వెళ్లి పేరు, అడ్రసు, తల్లిదండ్రుల వివరాలు ఇవ్వడం అలాగే ఉంది. సంతకం పెట్టనని ఎదురు చెప్పాలంటే ముందు ఆ తీర్పు ఒకటుందని తెలియాలి, ఆ మాట జర్మన్‌లో చెప్పగలగాలి, చెప్పాక ఇంటి దగ్గర అమ్మకి ఏమవుతుందో అన్న టెన్షన్ తట్టుకోవాలి.

నేను అడిగేది ఫెస్టివళ్లు రద్దు చేయమని కాదు. ఒక నియంతని మెచ్చుకునే హక్కు కూడా మీ రాజ్యాంగం ఇస్తుంది, అది తీసేయమని నేననను. మా ఊళ్లో ఇప్పటికీ దొరల్ని తలుచుకుని మురిసిపోయే ముసలివాళ్లు ఉన్నారు, ఎవరూ వాళ్ల నోరు నొక్కలేదు. కానీ వాళ్లు మా ఇంటికొచ్చి వెట్టి చేయమనలేరు. తేడా అక్కడుంది. హాల్లో పాడుకోనివ్వండి. అదే హాలుని పక్కవాడి మీద కన్నేయడానికి, డబ్బు వసూలు చేయడానికి, వేరే దేశం అధికారులు హుకుం చేయడానికి వాడుతున్నారా అన్నది మీ పోలీసులు చూడాలి. హాలు అద్దె ఎవరు కడుతున్నారు, వసూలైన డబ్బు ఎటు పోతోంది అని అడగడానికి మీకు అధికారం ఉంది.

బెదిరింపులు వచ్చినవాడు ఫిర్యాదు చేయడానికి తిగ్రిన్యాలో మాట్లాడే, ఎవరి మనిషో విచారించి పెట్టిన అనువాదకుడు కావాలి. ఇప్పుడు మా అబ్బాయి స్టేషన్‌కి వెళ్తే ముందు నన్ను పిలుచుకోవాలి. నేను తెలుగువాణ్ణి, నాకు తిగ్రిన్యా పది మాటలొచ్చు, అందులో ఆరు కాఫీవి.

అన్నిటికంటే ముందు కావలసింది ఒక్క ఆదేశం. పదహారు రాష్ట్రాల్లోని విదేశీయుల ఆఫీసులకీ ఒకటే మాట పంపండి: ఎరిత్రియా నుంచి పారిపోయి వచ్చి మీ రక్షణలో ఉన్నవాళ్లెవర్నీ, హోదా ఏదైనా, వాళ్ల ఎంబసీకి పంపకూడదని, ట్రావెల్ డాక్యుమెంట్ మీరే ఇవ్వాలని. దీనివల్ల మీ ఖజానాకి పడే భారం ఎంతో కాదు. అటువైపు మాత్రం భయపెట్టి వసూలు చేసే డబ్బులో పెద్ద ముక్క ఆగిపోతుంది.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. 2001 మే నెలలో ఎరిత్రియాలో పదిహేనుమంది పెద్దలు, వాళ్లలో మంత్రులుగా చేసినవాళ్లు, స్వాతంత్ర్య యుద్ధంలో ముందు నిలిచినవాళ్లు, ఒక బహిరంగ లేఖ రాశారు. ఎన్నికలు పెట్టండి, రాజ్యాంగం అమలు చేయండి అన్నారు. సెప్టెంబర్‌లో వాళ్లలో పదకొండు మందిని ఎత్తుకుపోయారు. ప్రైవేటు పత్రికలన్నీ మూయించారు. స్వీడన్ పౌరుడు కూడా అయిన జర్నలిస్టు దావిత్ ఇసాక్‌ని అదే నెల 23న తీసుకెళ్లారు. అప్పటి నుంచి వాళ్ల మీద విచారణ లేదు, కోర్టు లేదు. పిల్లలు పెద్దవాళ్లయిపోయారు, ఉన్నారో లేరో కూడా ఇళ్లకు చెప్పలేదు. నేను రాస్తున్నదీ బహిరంగ లేఖే. రేపు పొద్దున ఆరింటికి నేను మామూలుగా షిఫ్టుకి వెళ్తాను. పై అంతస్తు అబ్బాయికి కూడా ఇలాంటి ఉత్తరం రాయాలని ఉంది. నా పేరు మీద రాయమన్నాడు.

అతని పాస్‌పోర్ట్ గడువు ఇప్పుడు మళ్ళీ ముగుస్తోంది. వచ్చే నెలలో అదే ఆఫీసులో, బహుశా అదే కౌంటర్‌లో అపాయింట్‌మెంట్ ఉంది. తోడు వస్తానని చెప్పాను. మేము వెళ్లేసరికి మీ ఆదేశం ఆవిడ స్క్రీన్ మీద ఉండాలి.

ఇట్లు,
హెస్సెన్ రాష్ట్రం నుంచి
ఒక తెలుగు కార్మికుడు