కౌన్సెలింగ్ ఫీజు ముందే చెప్పాలి

ఆన్‌లైన్‌లో మానసిక కౌన్సెలింగ్ మొదలుపెట్టాలనుకునే ఒడిశా సరిహద్దు తెలుగువారు డబ్బు కట్టే దగ్గరే ఆగిపోతున్నారు. మా పర్లాకిమిడిలో డిగ్రీ చదివే ఒకమ్మాయి పక్కన కూర్చుని చూశాను: పేరు, ఫోన్ నంబరు, బాధ అన్నీ రాయించుకున్నాక గానీ ఫీజు ఎంతో చూపలేదు. తెలుగు వచ్చిన కౌన్సెలర్ ఉన్నారో లేరో డబ్బు కట్టాకే తెలుస్తుందట! నాలుగు సెషన్లకూ ఒకేసారి కట్టమనేసరికి, ఇంట్లో తెలిసిపోతుందన్న టెన్షన్‌తో ఆ పిల్ల ఫోన్ పక్కన పెట్టేసింది. ఫీజు, భాష, డబ్బు వాపసు నియమాలు మొదటే చూపాలని ప్రభుత్వం కచ్చితంగా చెప్పాలి. 2022లో కేంద్రం ప్రారంభించిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ (14416) పూర్తిగా ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు. గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల ఆసుపత్రుల్లో, కాలేజీల్లో ఆ నంబరును ఒడియాతో పాటు తెలుగులోనూ రాయించాలి.

– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా