గడ్డ కనిపించాక ఆమె ఎన్ని ఊళ్ళు తిరగాలి? ఆరోగ్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలం నుంచి, మా డ్వాక్రా సంఘం ఆడవాళ్ళ తరఫున రాస్తున్నాను. రొమ్ములో గడ్డ కనిపించిన ఆడవాళ్ళకు పరీక్షలు ఆలస్యమవుతున్న విషయం మీద ఇదివరకే అర్జీలు పెట్టుకున్నాం. 'మీ అర్జీ పరిష్కరించబడినది' అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో ఎవరూ చెప్పలేదు.

రొమ్ము క్యాన్సర్‌కు వైద్యం లేదని మేము అనడం లేదు. రోగం ఇదీ అని తేలాక వైద్యసేవ కార్డు ఆదుకుంటోంది. అది తేలేలోపే మా ఆడవాళ్ళ పని అయిపోతోంది.

మా వీధిలో ఒకామె టమోటా తోటల్లో కూలికి పోతుంది. భర్త లేడు. ఇంటింటికీ ఆరోగ్య సర్వేకి వచ్చినవాళ్ళు మామ వసారాలో కూర్చుని ఉండగానే, 'రొమ్ములో గడ్డలేమైనా ఉన్నాయా?' అని అడిగారు. ఏ ఆడమనిషి నోరు తెరుస్తుంది? లేదని తల ఊపింది. ఫోనులో 'లేదు' అని నొక్కేసి పక్కింటికి పోయారు. చేత్తో పరీక్ష చేసి చూడాలి కదా, అది జరగలేదు. నొప్పి లేదని ఆమె కూడా ఊరుకుంది. నొప్పి లేని గడ్డనైనా వెంటనే చూపించుకోవాలని ఆమెకు చెప్పిందెవరు?

చర్మం లోపలికి లాక్కుపోయాక మాకు చూపించింది. అప్పుడు మొదలైంది తిరుగుడు. దగ్గరి ఆసుపత్రిలో చూసి స్కానింగ్‌కు వేరే ఊరికి రాశారు. అక్కడ సూది పరీక్ష చేసే డాక్టరు లేరు, మళ్ళీ రమ్మన్నారు. పరీక్షయ్యాక రిపోర్టుకు ఒకసారి. అందులో సరిగ్గా తేలలేదు, పరీక్షకు గడ్డలోంచి ముక్క తీయాలని ఇంకోసారి. ఆ ముక్కకే హార్మోన్ పరీక్షలు కావాలని మరోసారి. పోయిన ప్రతిసారీ ఆమె కూలి, తోడు వెళ్ళినవాళ్ళ కూలి రెండూ పోతాయి. బస్సు చార్జీలు అప్పు చేసినవే. తోడు దొరక్క ఇంట్లోనే ఉండిపోయిన వారాలున్నాయి. చివరికి మూడో స్టేజి అన్నారు. ఇద్దరు ఆడపిల్లలయ్యా ఆమెకు.

మొదటిసారి చూపించుకున్న 60 రోజుల్లోపు రోగ నిర్ధారణ పూర్తి కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మాకు అదెట్లా కుదురుతుంది? 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు స్విమ్స్, రుయా, పద్మావతి మహిళా ఆసుపత్రి అన్నీ తిరుపతి జిల్లాలో ఉండిపోయాయి. టాటా వాళ్ళ క్యాన్సర్ ఆసుపత్రీ అక్కడే. మాకు తిరుపతి నూరు కిలోమీటర్ల పైమాటే. అలిపిరి దగ్గర ఉండే ఉద్యోగస్తురాలికి, మా తండాలో ఉండే కూలి మనిషికి వచ్చే రోగం ఒక్కటే. ఆమె ఆటో ఎక్కితే ఆసుపత్రి. మా మనిషికి తెల్లవారుజామున మొదటి బస్సు దొరికితేనే ఓపీ అందుతుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రొమ్ము పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద 0.9 శాతమే. నూటికి ఒక్కరు కూడా లేరు. ముంబై మురికివాడల్లో శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో పరీక్షిస్తే, 50 దాటిన ఆడవాళ్ళలో ఈ క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయని 2021లో టాటా మెమోరియల్ డాక్టర్లే ప్రకటించారు. మా ఏఎన్ఎమ్మలకు ఆ శిక్షణ గట్టిగా ఇప్పించండి, వాళ్ళు చేయగలరు. ఇప్పుడు వాళ్ళ నెత్తిన ఉన్న యాప్‌లు కొన్ని తగ్గించండి, పాపం.

మాకు దగ్గరి పలమనేరు ఆసుపత్రిలో ఈ పరీక్షలకు వారానికి ఒక రోజు ఖాయం చేయండి. స్కానింగ్, సూది పరీక్ష, ముక్క తీయడం అన్నీ ఆ ఒక్కరోజే జరగాలి. తిరుపతికి శాంపిల్ పోతే చాలు, మనిషి పోనక్కర్లేదు. రిపోర్టు మా పీహెచ్‌సీకే రావాలి. గడ్డ ఉందని తేలినామెకు బస్సు చార్జీ, కూలి డబ్బులు ముందే చేతికివ్వాలి. సర్వే కూడా మా మండలంలో మళ్ళీ చేయించండి. కూలికి పోయినవాళ్ళు ఇల్లు చేరాక, సాయంత్రం పూట, తలుపు వేసి, ఆడవాళ్ళ చేతనే చేయించండి.

ఇట్లు,
ఒక డ్వాక్రా సంఘం సభ్యురాలు,
బైరెడ్డిపల్లె మండలం, చిత్తూరు జిల్లా