కుట్టు మిషన్లు చాలు, ఆర్డర్లు ఇప్పించండి

సంపాదకులకు,

అయ్యా, మహిళా దినోత్సవం మర్నాడు మీ విశాఖ పేజీలో సగం మేర వేసిన వార్త గురించి ఈ ఉత్తరం. వారం దాటిపోయింది, ఇప్పుడెవరు చదువుతారులే అనుకున్నా ఊరుకోలేకపోతున్నాను. బీచ్ రోడ్డు హోటల్లో మహిళా పారిశ్రామికవేత్తల సదస్సు, శాలువాలు, జ్ఞాపికలు, చివర్లో పాతికమంది పేద మహిళలకు కుట్టు మిషన్లు. వ్యాపారంలో ఎదిగిన ఆడవాళ్లు సమాజానికి తిరిగి ఇవ్వాలని వక్తలంతా ముక్తకంఠంతో చెప్పారట. ఇవ్వాలి, కాదన్నదెవరు? ఏమివ్వాలన్నదే పేచీ.

ముందు ఆ మిషన్ సంగతే చూద్దాం. కాలితో తొక్కే మిషన్ మీద తిన్నగా కుట్టడం తప్ప మరో పని కాదు. జాకెట్లకు, చీరల ఫాల్స్‌కు సరిపోతుంది. గాజువాకలో, మల్కాపురంలో ఆ పని చేసేవాళ్లు ఇప్పటికే వీధికి నలుగురున్నారు. ఐదో ఆమెకు మిషన్ ఇస్తే మిగతా నలుగురి రేటూ పడిపోతుంది, అంతే. ఈ ఊళ్లో పెద్ద పని ఉన్నది కార్మికుల యూనిఫారాల్లో, ఆసుపత్రుల దుప్పట్లలో, గౌన్లలో. ఆ పని పట్టాలంటే మోటారు మీద నడిచే పవర్ మిషన్లు కావాలి. అంచుల దారాలు ఊడకుండా ఓవర్‌లాక్ కావాలి, జేబు మూలలు చిరగకుండా బార్‌ట్యాక్ వేయాలి. గుడ్డ చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు తూగుతుందో, ఉతికితే ఎంత కుదించుకుపోతుందో ల్యాబ్ రిపోర్టు జతపరచాలి. ఆ పాతిక మిషన్ల డబ్బుతో నాలుగైదు పవర్ మిషన్లు, ఒక ఓవర్‌లాక్ కొని ఒక షెడ్డులో పెట్టించవచ్చు. కాజాలు బయట వేయించుకోవచ్చు. కాకపోతే అప్పుడు పాతిక ఫొటోలు రావు.

అసలు తిరిగి ఇవ్వాల్సింది కొనుగోళ్లలో. 2012 నాటి ప్రభుత్వ కొనుగోళ్ల విధానాన్ని 2018 నవంబరులో సవరించారు. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు ఏటా కొనే సరుకుల్లో, సేవల్లో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర కొనాలి. ఆ 25లో 3 మహిళల యూనిట్లకు దక్కాలి. ఉక్కు ఫ్యాక్టరీ, హెచ్‌పీసీఎల్ రిఫైనరీ, షిప్‌యార్డు, భెల్ యూనిట్ అన్నీ ఒక్క ఊళ్లో ఉన్న నగరం మనది. ఉక్కు నష్టాల్లో ఉంది కదా, ఏం అడుగుతాం అంటారు. లాభాల మీద లెక్కగట్టేది సీఎస్సార్, అంటే కంపెనీలు సమాజ సేవకు పెట్టాల్సిన ఖర్చు. ఈ 3 శాతం కొనుగోళ్ల మీద. ఫ్యాక్టరీ నడుస్తున్నన్నాళ్లూ చేతి తొడుగులు, యూనిఫారాలు, స్టేషనరీ కొనక తప్పదు కదా! ఉక్కుకు భూములిచ్చినందుకు వచ్చిన ఆర్ కార్డులు (పునరావాస కార్డులు) పట్టుకుని దశాబ్దాలుగా తిరుగుతున్న నిర్వాసిత కుటుంబాల ఆడవాళ్లకు ఈ మాట ఎవరైనా చెప్పారా?

చెప్పినా ఎక్కడ తప్పుతుందో చూడండి. చిన్న పరిశ్రమగా గుర్తింపు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు పైసా ఖర్చు లేదు. అయినా నెట్ సెంటర్ వాడు డబ్బు గుంజి, తయారీ కోడ్ బదులు రిటైల్ వ్యాపారం కోడ్ కొట్టి చేతిలో కాగితం పెడతాడు. వ్యాపారం కోడ్ బ్యాంకు అప్పుకు పనికొస్తుందే గాని టెండర్లో ధరావతు మినహాయింపు తేదు. టెండరు తెరిచిన రోజే తిరస్కరిస్తారు. ఇంకో తప్పు యాజమాన్యంలో. భాగస్వామ్య సంస్థ అయితే మహిళల వాటా 51 శాతానికి తగ్గకూడదు. భార్యది సంతకం, భర్తది పెత్తనం అయిన యూనిట్లు కొన్ని ఆ 3 శాతాన్ని కూడా తన్నుకుపోతున్నాయి. సర్పంచి గారి భర్తలను చూసి నవ్వుకునే మనం వీళ్లను చూసి ఎందుకు ఊరుకుంటున్నామో!

ఇక మూడేళ్ల టర్నోవరు, పూర్వానుభవం అడగడం. నాణ్యత, సాంకేతిక ప్రమాణాలకు లోబడి చిన్న యూనిట్లకు ఈ షరతులు సడలించవచ్చని 2016లోనే కేంద్రం చెప్పింది. ఆ సడలింపు టెండర్ పత్రంలో రాయాల్సింది కొనుగోళ్ల విభాగం అధికారులే. వేదిక మీద సన్మానం పొందినవారిలో అలాంటి హోదాలో ఉన్న మహిళలూ ఉన్నారట. ఆ ఒక్క వాక్యం రాయించి ఉంటే, వాళ్లు మైకులో ఏమీ చెప్పకపోయినా నాకు అభ్యంతరం లేదు.

బిల్లుల సంగతి మరీ అన్యాయం. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల (ఎంఎస్ఎంఈ) చట్టం ప్రకారం ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. కాగితం మీద భేషుగ్గా ఉంది. ఫిర్యాదు చేస్తే మళ్లీ ఆర్డరు రాదని తెలిసి ఎవరు చేస్తారు? ఈలోగా బట్ట కొట్టు బాకీ, కుట్టేవాళ్ల కూలి ఆగవు. మార్చి 8న శాలువా కప్పిన కంపెనీయే ఆ మహిళ బిల్లును డిసెంబరు నుంచి తొక్కిపట్టిందంటే ఆశ్చర్యం లేదు.

సీఎస్సార్ డబ్బు మార్చి 31తో మురిగిపోతుందని, అందుకే ఈ పంపకాలని మరో సాకు. అదీ అబద్ధమే. కొనసాగే ప్రాజెక్టు అయితే మిగిలిన సొమ్మును 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాకు మార్చి మూడేళ్లలోగా ఖర్చు పెట్టుకోవచ్చు. అవార్డులు, మారథాన్‌ల వంటి ఒక్కరోజు ముచ్చట్లు సీఎస్సార్ కిందకు రావని 2014 జూన్‌లోనే కంపెనీ వ్యవహారాల శాఖ సర్క్యులర్ ఇచ్చింది. ఆ సదస్సు బిల్లు ఏ పద్దులో రాశారో అడిగే నాథుడు లేడు.

అధికారులకు తీరికేదీ? మద్దిలపాలెం నుంచి జగదాంబ దాకా మహిళా శక్తి ఫ్లెక్సీలు. ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం 2022లో ఈ ఊళ్లోనే ప్రకటించారని వాళ్లకు గుర్తు లేదు కాబోలు. పరిశ్రమల శాఖ స్టాలులో కరపత్రాలు పంచేవాళ్లు ఉంటారు గాని ఉద్యమ్‌లో కోడ్ సరిదిద్దిపెట్టేవాళ్లు ఉండరు. పెద్ద కంపెనీల తీరు మాత్రం వేరా? 2013 చట్టం బోర్డులో ఒక మహిళ ఉండాలనగానే యజమాని ఇంటి ఆడవాళ్లను కూర్చోబెట్టినవారున్నారు. దాంతో స్వతంత్ర మహిళా డైరెక్టరే ఉండాలని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ విడిగా చెప్పాల్సి వచ్చింది.

మీ పత్రికకూ ఒక మాట. ఏ ప్రభుత్వ రంగ సంస్థ మహిళల యూనిట్ల దగ్గర ఎంత కొన్నదో చూపడానికి 2017 నుంచి ఎంఎస్ఎంఈ సంబంధ్ పోర్టల్ ఉంది. మీ విలేకరి దాన్ని తెరిచి, మన ఊళ్లో యూనిట్లున్న సంస్థల అంకెలు వరసగా వేస్తే సరి. 3 శాతం అందుకోని సంస్థ కొనుగోళ్ల అధికారిని కారణం అడిగి, ఆయన జవాబు కూడా అచ్చువేయండి.

– ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం