కుడి నుంచి ఎడమకు చదవడం నేర్పిన అమ్మాయిలిద్దరికీ...

ఆదివారం మా పెన్షనర్ల సంఘానికి వచ్చి, బ్యాంకు పేరుతో వచ్చే దొంగ మెయిళ్ల గుట్టు విప్పి చూపిన ఇద్దరు బ్యాంకు ఉద్యోగినులకు కృతజ్ఞతలు. పేర్లు రాయొద్దన్నారు. రాలేకపోయిన సభ్యుల కోసం వాళ్లు చెప్పింది ఇక్కడ పెడుతున్నాం.

ఇంగ్లీషులో తప్పులుంటే దొంగ మెయిలు అనుకునే రోజులు పోయాయట. ఇప్పుడు భాషా, లోగో అచ్చు గుద్దినట్టే ఉంటాయి. పట్టించేది డొమైను, అంటే సైటు లేదా మెయిలు చిరునామాలోని అసలు పేరు.

లింకును తట్టకుండా వేలితో కాసేపు నొక్కి పట్టుకుంటే అది ఎక్కడికి పోతుందో కనిపిస్తుంది. మొదట్లోని జంట గీతలు (//) వదిలేసి, తర్వాత వచ్చే మొదటి ఒంటి గీత (/) దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి చదవాలి. ‘మీబ్యాంకు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ డాట్ ఫలానా డాట్ కామ్’ అని ఉంటే అది ఫలానావాడి సైటు. ముందున్న బ్యాంకు పేరంతా ముసుగే. రిజర్వ్ బ్యాంకు ఆదేశం ప్రకారం బ్యాంకుల సైట్లు ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’కు మారడానికి గడువు 2025 అక్టోబరు 31తో ముగిసింది. ఆ డొమైను ఇచ్చేది మన హైదరాబాద్‌లో రిజర్వ్ బ్యాంకు పెట్టిన బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ ఐడీఆర్‌బీటీ ఒక్కటే. చివర అది లేని పేజీలో పాస్‌వర్డ్ కొట్టొద్దు. తాళం గుర్తు ఉంది కదా అంటారేమో, అది దొంగ సైటుకీ ఉంటుంది.

కంప్యూటర్లో జీమెయిల్ తెరిచి, మెయిలు పక్కన మూడు చుక్కలు నొక్కి ‘షో ఒరిజినల్’ చూస్తే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు ఫలితాలుంటాయి. మెయిలు తాను చెప్పుకున్న డొమైను నుంచే వచ్చిందా అని చూసే పరీక్షలివి. డీమార్క్ ఫెయిలైతే అనుమానించాల్సిందే. పాస్ అని ఉన్నా సంబరపడొద్దు: దొంగ తన సొంత డొమైనుకు ఆ సెట్టింగులన్నీ శుభ్రంగా చేసుకుంటాడు. పాసైంది ఏ డొమైనో చూడాలి. మాలో చాలామందికి కొత్త సంగతి ఇదే.

స్టేట్‌మెంట్ అంటూ ‘డాట్ హెచ్‌టీఎంఎల్’ ఫైలు వస్తే తెరవకండి. దొంగ లాగిన్ పేజీ ఆ ఫైల్లోనే దాక్కుని ఉంటుంది.

ఓటీపీ ఇచ్చేశారా? ముందు బ్యాంకుకు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు నంబరు), సమయం, పోయిన మొత్తం దగ్గర పెట్టుకోవాలి. రిజర్వ్ బ్యాంకు 2017లో తెచ్చిన నిబంధన ప్రకారం, మనమే ఓటీపీ చెబితే బ్యాంకుకు తెలియజేసేదాకా పోయిన సొమ్ము మన నెత్తినే. ఆ తర్వాత పోయేది బ్యాంకుది. నిమిషాలు లెక్కపెట్టమన్నది అందుకే.

పెద్దక్షరాలతో వాళ్లు రాసిచ్చిన కాగితం ఆఫీసు గోడకు అంటించాం. వచ్చే రెండో శనివారం మళ్లీ వస్తామన్నారు, అదీ వాళ్ల సెలవు రోజున. ఫోన్లు ఛార్జ్ చేసుకుని రండి.