ఆ బూట్లలో కాళ్లు పెట్టవద్దని కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో హంగేరీ రాజధాని బుడాపెస్ట్ నగరం మీద వచ్చిన వ్యాసం చదివాను. రాత్రి దీపాల్లో వెలిగే పార్లమెంటు భవనం, డాన్యూబ్ నదిలో పడవ షికారు, పాడుబడిన పాత ఇళ్లలో నడిచే మద్యశాలలు, అన్నీ కళ్లకు కట్టినట్టు రాశారు. చివరన ‘ఫొటోలు దిగవలసిన పది చోట్లు’ అని ఒక పెట్టె కట్టి, నది ఒడ్డున ఉన్న ఇనుప బూట్లను అందులో నాలుగో చోటుగా చేర్చారు. ఆ ఒక్క పంక్తి గురించే ఈ ఉత్తరం.

కిందటి అక్టోబరులో నేనూ మా చెల్లెలూ బుడాపెస్ట్‌లో ఆరు రోజులు ఉన్నాం. రెండో రోజు సాయంత్రం ఆ బూట్ల దగ్గరికి వెళ్లాం. పార్లమెంటు దాటి నది వెంట దక్షిణంగా కొంచెం నడిస్తే, నదికి తూర్పున ఉన్న పెస్ట్ వైపు గట్టు అంచునే వరసగా 60 జతలు కనిపిస్తాయి. మడమ ఎత్తు జోళ్లు, లేసులు వదులైన మగవాళ్ల బూట్లు, వాటి మధ్య అరచేతిలో పట్టేటంత పసిపిల్లలవి. 1944-45 చలికాలంలో, నాజీల పక్షాన నిలిచిన హంగేరీ యారో క్రాస్ పార్టీ సాయుధులు యూదులను ఆ గట్టు మీద నిలబెట్టి కాల్చి చంపారు. శవాలను నది తీసుకుపోయింది. ఆ రోజుల్లో బూట్లు దొరకడం కష్టం, వాటికి విలువ ఉండేది. అందుకని కాల్చే ముందు విప్పించేవారు. సినిమా దర్శకుడు చాన్ తోగై ఆలోచనకు శిల్పి ద్యులా పౌయెర్ రూపమిచ్చిన ఈ స్మారకాన్ని 2005లో అక్కడ నెలకొల్పారు. ఒక్కో బూటులో ఎవరో పెట్టిన పువ్వో, కొవ్వొత్తో, గులకరాయో ఉంటుంది.

మేము మౌనంగా నిలబడి ఉండగా తెలుగు మాటలు వినిపించాయి. అంత దూరంలో మన భాష చెవిన పడిందన్న సంతోషంతో తిరిగి చూశాను. చదువుకునే పిల్లల్లా ఉన్నారు, అయిదుగురు. వారిలో ఒక అబ్బాయి తన చెప్పు విడిచి ఒక ఇనుప బూటులో పాదం దూర్చి నవ్వుతూ నిలబడ్డాడు. ఇంకొకరు ఫోను పట్టుకుని “ఇంకొంచెం ముందుకు వంగు” అంటున్నారు. ఆ బూటులోని గులాబీ కింద పడి ఉంది.

నాకు ఒళ్లు మండింది, కాదనను. కానీ దగ్గరికి వెళ్లేసరికి ఆ అబ్బాయి ముఖంలో కొంటెతనం తప్ప చెడ్డతనం ఏమీ కనిపించలేదు. “బాబూ, ఇవి ఎవరి బూట్లో తెలుసా?” అని అడిగాను. తెలియదన్నాడు. చెప్పాను. ముగింపు దాకా చెప్పనవసరం లేకపోయింది, సగంలోనే కాలు తీసేశాడు. “సారీ ఆంటీ, ఫొటోలు దిగే చోటు అని చదివి వచ్చాం, అంతే” అంది పక్కనున్న అమ్మాయి. ఆ అబ్బాయి గులాబీని తీసి, దుమ్ము తుడిచి, మళ్లీ అదే బూటులో పెట్టాడు. చీకటి పడేదాకా వాళ్లు అక్కడే ఉన్నారు. ఫోన్లు మాత్రం మళ్లీ బయటికి రాలేదు.

వాళ్లది తప్పని నేను అనలేను. వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

బుడాపెస్ట్‌కు వెళ్లినవాళ్లు దిగులుగా తిరగాలని నా ఉద్దేశం కాదు. మేము అక్కడ ఎంత ఆనందించామో చెప్పడానికి ఈ ఉత్తరం చాలదు. 1896లో మొదలైన చిన్న పసుపు పచ్చని మెట్రో రైలు ఎక్కాం. ఐరోపా ప్రధాన భూభాగంలో నేల కింద నడిచిన మొదటి మెట్రో అదే. వీధిలోంచి నాలుగు మెట్లు దిగామో లేదో తెల్లటి పలకల గోడలు, ఇనుప స్తంభాలు, ఎదురుగా రైలు. అందులోనే సేచెని స్నానశాలకు వెళ్లాం. ఆరుబయట చలి కొరికేస్తుంటే, పొగలు కక్కే వేడి నీళ్లలో ఛాతీ దాకా మునిగి తాతగార్లు చదరంగం ఆడుతున్నారు. మా చెల్లెలు ఒక ఆట పూర్తయ్యేదాకా అక్కడి నుంచి కదలనంది. ఆ స్నానశాల తెరిచింది 1913లో. మన చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ అదే ఏడాది జనవరి 30న అదే నగరంలో పుట్టారు, ఆమె తల్లి హంగేరీ దేశస్థురాలు. మీ వ్యాసంలో ఆ మాట లేకపోవడం నాకు వెలితిగా తోచింది.

మేము దిగింది ఏడో జిల్లాలో (ఆ నగరంలోని ప్రాంతాలను జిల్లాలంటారు), ఒక పాత భవనంలోని అద్దె ఇంట్లో. మీరు రాసిన మద్యశాలలు ఉన్నదీ అక్కడే. 1944లో యూదులను గోడలు కట్టి నిర్బంధించింది కూడా ఆ వీధుల్లోనే. ఆ చలికాలంలో ఆకలికీ జబ్బులకూ బలైనవారిలో 2,000 మందికి పైగా దోహాన్ వీధిలోని యూదుల ప్రార్థనామందిరం ఆవరణలోనే సమాధి అయ్యారు. ఇప్పుడా వీధుల్లో అర్ధరాత్రి దాటాక కూడా పాటలు, కేకలు. మా భవనం మధ్యలో ఖాళీ ఆవరణ, చుట్టూ అంతస్తు అంతస్తుకూ వసారాలు. కింద సూట్‌కేసు చక్రాలు రాళ్ల మీద దొర్లితే పైఅంతస్తు దాకా మోగుతుంది. ఎదురింటి పెద్దావిడ మొదటి రోజే చేతిని చెంప కింద పెట్టి, కళ్లు మూసి, నిద్ర అని సైగ చేసి చూపించారు. ఆవిడ భాష మాకు రాదు, మా భాష ఆవిడకు రాదు. అయినా ఆ సైగ చాలింది.

పక్కనున్న ఆరో జిల్లా ప్రజలు 2024లో ఓటు వేసి, 2026 నుంచి పర్యాటకులకు ఇలా రోజుల లెక్కన ఇళ్లు అద్దెకివ్వడం ఆపాలని నిర్ణయించారని అక్కడే తెలిసింది. మేమూ అలాంటి ఇంట్లోనే దిగామన్న ఆలోచన తిరిగి వచ్చేదాకా వదల్లేదు. బయలుదేరిన రోజు తెల్లవారుజామున నాలుగు గంటలకు సూట్‌కేసులను చెరొకటి చేత్తో ఎత్తుకుని మూడంతస్తులు దిగాం.

మళ్లీ ఆ నగరం గురించి రాసినప్పుడు దయచేసి ఆ నాలుగో పంక్తిని పెట్టెలోంచి తీసి విడిగా అచ్చువేయండి. పక్కన రెండు వాక్యాలు చాలు. ఇక్కడ మనుషులను చంపారని ఒకటి, బూట్లలో కాళ్లు పెట్టవద్దు, వాటిలోని పువ్వులూ రాళ్లూ కదపవద్దని రెండోది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విశ్రాంత గ్రంథాలయ ఉద్యోగిని