పర్లాకిమిడి ఏ జోనో మీలో మీరు తేల్చుకుని, నా సౌండ్ మిక్సర్ బాగుచేయండి

కస్టమర్ సర్వీస్ పెద్దవారికి,

అయ్యా,

ఇది నేను మీకు రాస్తున్న నాలుగో ఉత్తరం. ముందు మూడూ మెయిల్‌లో పంపాను. మూడింటికీ ఒకటే జవాబు, "మీ మెయిల్ అందింది, 48 గంటల్లో మా ప్రతినిధి మిమ్మల్ని సంప్రదిస్తారు" అని. ఆ 48 గంటలు గడిచి నాలుగు నెలలు దాటింది. అందుకే ఈసారి అందరికీ కనబడేలా రాస్తున్నాను, అలాగైనా మీ దగ్గర ఒక మనిషి చదువుతారేమోనని.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. ఆంధ్రా వైపు శ్రీకాకుళం జిల్లా పాతపట్నం దాటితే మేమే. 1936లో ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు మా ఊరు అటు వెళ్ళింది, ఇంట్లో మాత్రం ఇప్పటికీ తెలుగే. ఇదంతా మీకెందుకంటే, నా మిక్సర్ బాగవకపోవడానికి కారణం మా ఊరు ఉన్న చోటేనని మీవాళ్ళే నాకు చెప్పారు.

నేను సౌండ్ సిస్టమ్ నడుపుతాను. పెళ్ళిళ్ళు, చవితి పందిళ్ళు, చర్చి సభలు, రథయాత్ర రోజుల్లో భజనలు, ఏది వస్తే అది. మిక్సర్ అంటే మైకులన్నీ ఒకచోట కలిపి శబ్దం సర్దే పెట్టె, ఒక్కో మైకుకి ఒక్కో ఛానల్. 2009లో నేను కొన్న మొదటి మిక్సర్ మీదే, 12 ఛానళ్ళ అనలాగ్, ఇప్పటికీ పనిచేస్తోంది. తర్వాత స్పీకర్లు మీవే, మైకులు మీవే. పాతపట్నం, కాశీనగర్, గుణుపురం, టెక్కలి, ఈ చుట్టుపక్కల సౌండ్ వాళ్ళలో ఏడుగురికి నేనే చెప్పి మీ సరుకు కొనిపించాను. ఎవరి దగ్గరా రూపాయి కమీషన్ తీసుకోలేదు. మంచి సరుకని నమ్మి చెప్పాను.

డిజిటల్‌కి మారాలని ఏడాది పాటు ఆలోచించాను. బెరింగర్ కంపెనీ ఎక్స్32 మిక్సర్ అయితే 2012 నుంచీ ఉన్నదే, అందరికీ చేతికి అలవాటైనదే, సెకండ్ హ్యాండ్‌లో కూడా దొరుకుతుంది. వాళ్ళదే ఎక్స్ఆర్18 ఇంకా చవక, కానీ దానికి ఫేడర్లు, అంటే శబ్దం పెంచి తగ్గించే మీటలు, లేవు, అంతా ట్యాబ్ మీదే నడపాలి, పెళ్ళి పందిట్లో అయిదొందల ఫోన్ల మధ్య వైఫై తెగిపోతే నేను ఆ ట్యాబ్ పట్టుకుని ఏం చేయాలి? చేతికి ఫేడర్ తగలాలి అనుకున్నాను. ఆ ధరకి దగ్గర్లో ఉన్న మిక్సర్లన్నిట్లోనూ గేటు, కంప్రెసర్, ఎఫెక్ట్స్, సీన్ సేవ్ చేసుకోవడం ఉన్నాయి, కాబట్టి నేను మీది ఎంచుకున్నది ఫీచర్లు చూసి కాదు, సర్వీస్ చూసి. విశాఖ డీలర్ షాపులో మీ కంపెనీ మనిషే నా భుజం మీద చెయ్యి వేసి, "విశాఖలో మేమే, భువనేశ్వర్‌లో మేమే, బోర్డర్లో ఉన్నారు కాబట్టి మీకు రెండు వైపులా సర్వీసే" అన్నాడు. ఆ మాట మీద లక్షా 38 వేలు పెట్టాను. అందులో 60 వేలు మా ఆవిడ మిషన్ శక్తి సంఘంలో, అంటే మా ఒడిశా మహిళా పొదుపు సంఘంలో, తీసిన అప్పు.

చెడిపోయింది, సరే. యంత్రమన్నాక చెడుతుంది, దాని మీద నాకు కోపం లేదు. 9 నుంచి 16 దాకా ఛానళ్ళు ఒక్కసారిగా మూగబోతాయి, ఆపి మళ్ళీ ఆన్ చేస్తే వస్తాయి. ఎనిమిదీ కలిసి పోతున్నాయంటే మైకుల తప్పు కాదు, లోపల బోర్డులోనో రిబ్బన్ కేబుల్లోనో ఉంది అని ఈ పని తెలిసిన ఎవరికైనా అర్థమవుతుంది. మొదటిసారి పోయింది సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే వేళ. పంతులుగారి మైకు, సన్నాయి మైకు రెండూ పోయాయి. మిక్సర్ మళ్ళీ లేచేదాకా పందిరంతా నా వైపే చూసింది. పెళ్ళికూతురి తండ్రి నన్ను ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడే మీ నంబరుకి ఫోన్ చేశాను. తెలుగు నొక్కాను. ఆ అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది, అంతా రాసుకుంది, చివర్లో పిన్ కోడ్ అడిగింది. 76తో మొదలుపెట్టానో లేదో, "సర్, మీది ఒడిశా వస్తోంది, ఈస్ట్ జోన్‌కి కలుపుతాను" అంది. ఈస్ట్ జోన్ ఆయన హిందీలో మళ్ళీ మొదటి నుంచీ అడిగాడు, బిల్లు నంబరు చెప్పగానే "బిల్లు విశాఖది, మీరు సౌత్ జోన్‌తో మాట్లాడాలి" అని తిరిగి తెలుగుకి కలిపాడు. ఈసారి వేరే అమ్మాయి. మళ్ళీ పిన్ కోడ్. ఇలా 11 సార్లు జరిగింది, ప్రతిసారీ కొత్త ఫిర్యాదు నంబరు. అవన్నీ ఒక నోట్ బుక్కులో రాసి పెట్టుకున్నాను, తేదీ, టైము, ఏ జోన్, ఎంతసేపు. ఒకరోజు 52 నిమిషాలు మీ పాట విన్నాను.

ఒక మాట అడుగుతాను. విశాఖలో నాకిచ్చిన బిల్లు మీద మా ఊరి చిరునామానే ఉంది, ఐజీఎస్టీ వేశారు. అంటే సరుకు వేరే రాష్ట్రానికి వెళ్తోందని మీ లెక్కల్లోనే ఉంది. డబ్బు తీసుకునేటప్పుడు అడ్డం రాని బోర్డర్ బాగుచేసేటప్పుడు ఎక్కడి నుంచి వచ్చింది?

ఇంకొకాయన ఫర్మ్‌వేర్, అంటే మిక్సర్ లోపలి సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ చేయమన్నాడు. చేశానని చెప్తే మళ్ళీ చేయమన్నాడు, చేశాను. ఆయన పైనున్న సూపర్‌వైజర్ అయితే "మీరు ప్రోగ్రాములకి అద్దెకి వాడుతున్నారు, అది కమర్షియల్ వాడకం, వారంటీ రాదు" అన్నాడు. అయ్యా, 16 మైకులు పెట్టే మిక్సర్ ఎవరైనా ఇంట్లో వాడుకోవడానికి కొంటారా? నా వారంటీ కార్డులో ఆ మాట ఎక్కడుందో చూపించండి అంటే లైన్ కట్ అయింది. ఆ సాయంత్రమే మెసేజ్ వచ్చింది, "మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి" అని.

ఇక లాభం లేదని మిక్సర్‌ని దుప్పట్లో చుట్టి, గుణుపురం నుంచి విశాఖ వెళ్ళే ప్యాసింజర్ ఎక్కి, దారంతా ఒళ్ళో పెట్టుకుని మీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. మర్నాడు పొద్దున్న పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. సీరియల్ నంబరు ఒడిశా కస్టమర్ పేరు మీద ఉంది, పై నుంచి పర్మిషన్ రావాలన్నారు. నేను కదలనని తెలిశాక తీసుకుని చీటీ ఇచ్చారు. 41 రోజులు ఉంచుకున్నారు. చవితి పోయింది, దసరా పోయింది. ఆ 41 రోజులూ నా 2009 అనలాగ్ మిక్సరే నా పరువు కాపాడింది, చవితి పందిట్లో రెండు భజన బృందాలు ఎక్కువైతే పక్కూరి వాళ్ళ దగ్గర ఇంకొకటి అద్దెకి తెచ్చుకున్నాను.

తిరిగి వచ్చినప్పుడు పెట్టెలో ఒక కాగితం, "పరీక్షించాము, లోపం ఏదీ లేదు" అని.

నేను ఛానళ్ళ కింద టేపు అంటించి పేర్లు రాస్తాను. పైన తెలుగులో నేను, కింద ఒడియాలో మా కుర్రాడు. ఆ టేపు అలాగే ఉంది. అది పెద్ద విషయం కాదు. ఒక ఫేడర్ సందులో ఆ పెళ్ళి నాటి బంతిపువ్వు రేకు ఒకటి ఇరుక్కుని ఉంది, నేను పంపేటప్పుడు చూశాను, తీద్దామనుకుని మర్చిపోయాను. అది ఎండి నల్లబడి అదే సందులో, అదే వంకరలో ఉంది. కింద మూత సీల్ చిరగలేదు. ఎనిమిది ఛానళ్ళు పోతున్నాయని చెప్పిన మిక్సర్‌లో ఆ ఫేడర్‌ని ఒక్కసారి పైకీ కిందకీ జరిపి ఉన్నా ఆ రేకు నలిగిపోయేది. మీవాళ్ళు దాన్ని 41 రోజులు అరలో పెట్టి, తీసి పంపించారు. నాకు కడుపు మండింది ఇక్కడే. తెరిచి చూసి, మాకు తెలియలేదు అని రాసి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేవాడిని కాదు.

వచ్చిన వారానికి చర్చి సభలో మళ్ళీ పోయింది. 

మీ సూపర్‌వైజర్ గారికి ఒకటి చెప్పండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం చదివించుకున్నాను. సొంతంగా పనిచేసుకుని బతకడానికి కొన్న వస్తువుకి కమర్షియల్ అనే మాట వర్తించదని అందులోనే ఉంది. కేసు నేనుండే జిల్లాలోనే వేయవచ్చు, విశాఖ రానక్కర్లేదు, 5 లక్షల లోపు సరుకుకి ఫీజు కూడా లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. నోట్ బుక్కు, సీల్ ఫోటో, ఆ రేకు ఫోటో అన్నీ సిద్ధంగా ఉన్నాయి. నా మాట మీద మీ సరుకు కొన్న ఏడుగురికీ ఈ ఉత్తరం పంపించాను. వాళ్ళలో ఇద్దరు ఈ ఏడాది డిజిటల్ కొనబోతున్నారు, ఏది కొనమంటావని నన్నే అడుగుతున్నారు. ఇంకా జవాబు చెప్పలేదు.

నాకు కావలసింది ఒక మనిషి. ఏ జోన్ అయినా సరే. నా ఎదురుగా ఆ మూత విప్పి, బోర్డు మార్చాలో కేబుల్ మార్చాలో చూసి మార్చండి. కుదరకపోతే వేరే మిక్సర్ ఇవ్వండి, అదీ కాదంటే నా డబ్బు ఇచ్చేయండి. వచ్చే నెల రెండో వారంలో మూడు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాను, అంతకు ముందే తేలాలి. 15 రోజులు చూస్తాను. ఆ తర్వాత మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కలుద్దాం, నోట్ బుక్కుతో సహా వస్తాను.

ఫోన్ చేస్తే దయచేసి పిన్ కోడ్ అడగకండి.

ఇట్లు,
2009 నుంచి మీ కస్టమర్,
పర్లాకిమిడి