ఉప్పల్ మ్యాచ్‌ల ఆదాయంలో ఉప్పల్‌కు వాటా ఇవ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఐపీఎల్ వచ్చిందంటే చాలు, నగరానికి కోట్లలో వ్యాపారం అన్న మాట మళ్లీ మొదలవుతుంది. నేను స్టేడియానికి దగ్గర్లోనే ఉంటాను. సన్‌రైజర్స్ అంటే ప్రాణం. 2016లో కప్పు గెలిచిన రాత్రి మా గల్లీ అంతా పటాకులు కాల్చాం. ఆ అభిమానంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

2023-27 ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడుపోయాయి. ఆ సొమ్ము బీసీసీఐకి, ఫ్రాంచైజీలకు పోతుంది. మన జట్టు యజమాని సంస్థ ఉన్నది చెన్నైలో. ఆటగాళ్లు రెండు నెలలుండి వెళ్లిపోతారు. ఇక టికెట్లకు మనం పెట్టే ఖర్చంటారా, అది కొత్త డబ్బేం కాదు. ఆ నెల సినిమా, హోటల్ మానుకున్న డబ్బే ఇటు మళ్లుతుంది. కరీంనగర్ నుంచో విజయవాడ నుంచో వచ్చి లాడ్జిలో దిగే అభిమాని ఖర్చు మాత్రం నగరానికి నిజంగా కలిసొస్తుంది.

మ్యాచ్ రోజు మధ్యాహ్నానికే స్టేడియం మెట్రో మెట్ల కింద ఆరెంజ్ జెర్సీలు భుజాన వేసుకుని కుర్రాళ్లు నిలబడతారు. బుగ్గల మీద రంగులు వేసేవాళ్లూ వస్తారు. వాళ్లకు నాలుగు డబ్బులు దొరుకుతాయి, సంతోషం. రోజూ అక్కడే మిర్చి బజ్జీలు వేసే ఆమె మాత్రం ఆ పూట ట్రాఫిక్ కోసం బండి తీసేయాల్సిందే. లోపలికి బయటి తిండి, నీళ్ల సీసా రానివ్వరు కాబట్టి ఆ బేరమంతా కాంట్రాక్టర్లదే. వేలమంది ఆకలితో వచ్చే రోజునే ఆమె పొయ్యి వెలగకపోతే ఎలా?

2025 సెప్టెంబరు 22 నుంచి ఐపీఎల్ టికెట్‌పై జీఎస్టీ 28 శాతం నుంచి 40 శాతమైంది. వెయ్యి రూపాయల టికెట్‌పై 400 పన్ను. అందులో సగం, అంటే 200, రాష్ట్ర ఖజానాలో పడుతుంది. దానిలో కొంతైనా స్టేడియం చుట్టుపక్కల డ్రైనేజీకి, ఫుట్‌పాత్‌లకు, పిల్లలు ఆడుకునే మైదానాలకు కేటాయించాలి. పోలీసు బందోబస్తుకు ఎంత ఖర్చయింది, నిర్వాహకుల నుంచి ఎంత వసూలైంది అన్నది ఏటా ప్రకటించాలి.

జట్టు ఎప్పటికీ ఇక్కడే ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. 2009లో కప్పు తెచ్చిన డెక్కన్ ఛార్జర్స్ 2012లో రద్దయింది. పుణె నుంచి 2019లో వచ్చిన ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) విజేతగా నిలిచింది. కొవిడ్ వల్ల ఆ సీజనంతా గోవాలోనే జరగడంతో దాని సొంత మైదానం గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా మనం చూడలేకపోయాం. 2025లో ఆ జట్టు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. అందుకే ప్రజల డబ్బు ఫ్రాంచైజీల రాయితీలకు కాకుండా, జట్టు పోయినా మనకు మిగిలే వాటికే ఖర్చు కావాలని గట్టిగా అడుగుతున్నాను.

వీధి వ్యాపారులకు చోటు కేటాయించాలని 2014 చట్టమే చెబుతోంది. వచ్చే సీజన్ టికెట్లు అమ్మకానికి పెట్టేలోపే అధికారులు వీధి వ్యాపారుల వ్యవహారాలు చూసే టౌన్ వెండింగ్ కమిటీని కూర్చోబెట్టి, మ్యాచ్ రోజుల్లో ఉప్పల్‌లో బండ్లు ఎక్కడ పెట్టుకోవాలో తేల్చాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, రామంతాపూర్, హైదరాబాద్